గాజు పలకల మీది అరువు కళ్ళు

చీకటి గదిలో ఉద్యోగం

పాత పుస్తకాలనూ ఫోటోలనూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంటర్నెట్‌లో జనానికి చూపించే పనిలోకి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తుంటారు. ఏ స్కానర్ మంచిది, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అడుగుతారు. నేను వాడిన యంత్రాలు ఇప్పుడు పాతసామాన్ల కొట్టులో కూడా దొరకవు. వాటి గురించి చెప్పి ఏం లాభం? అందుకని వాళ్ళు అడగనిది చెబుతాను. ఈ ఉద్యోగంలో మీరు పట్టపగలు కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని, ఇప్పుడు లేని మనుషులతో కూర్చుంటారు. వాళ్ళ చేతిరాత, వేలిముద్రలు, పేజీల మధ్య మరిచిపోయిన తలవెంట్రుకలు, అన్నీ మీ చేతుల మీదుగా పోతాయి. భయపడేవాళ్ళు ఈ పనికి పనికిరారు. అసలు భయమే లేనివాళ్ళు అంతకన్నా పనికిరారు.

మాది చింతామణి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు. మా వైపు అందరి బతుకూ అంతే. లైబ్రరీ సైన్సు చదివి, కొన్నేళ్ళు పుస్తకాలకు నంబర్లు వేసి, రెండు వేల సంవత్సరం దాటాక ఈ డిజిటల్ పనిలో పడ్డాను. చిక్కబళ్ళాపురంలో ఒక పాత కట్టడం వెనకభాగంలో మాకు రెండు గదులిచ్చారు. అప్పటికింకా మాది కోలారు జిల్లానే. ముందుగదిలో బల్లలు, వెనకగదిలో స్కానర్లు. కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది, దాని ఇష్టం వచ్చినప్పుడు పోయేది.

నాతో పనిచేసినవాడు మునిస్వామి. నాకంటే నాలుగేళ్ళు చిన్న, జెరాక్సు అంగడి నడిపి మూసేసి వచ్చాడు. చేతి నైపుణ్యం బాగా ఉన్నవాడు. ఒకటే జబ్బు, శుభ్రం. బల్ల మీద టీ కప్పు పెట్టిన గుండ్రటి తడి కనిపిస్తే ఆ రోజంతా మనసు బాగుండేది కాదు అతనికి.

మా మీద ఒక పెద్దసారు ఉండేవారు. బెంగుళూరు మనిషి, కన్నడ తప్ప మాట్లాడరు, అదే కట్టడం ముందుభాగంలో ఆయన గది. ఆయన చెడ్డవారు కారు. కాకపోతే ఆయనకు పేజీ అంటే తెల్లగా ఉండాలి. మేం పంపిన ప్రతి పేజీనీ తెరిచి, "ఇంకా తెల్లగా చెయ్యండమ్మా" అనేవారు. చాకలి ముందు మూట విప్పినట్టు నూరేళ్ళనాటి పుస్తకాలను మా ముందు విప్పి తెల్లగా ఉతకమంటే ఎట్లా?

పసుపు బొటనవేలు

చింతామణిలో మూతపడిన ఒక పఠనమందిరం నుంచి కొన్ని అట్టపెట్టెల పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఒక వంట, వైద్యం కలిసిన పుస్తకానికి ప్రతి పేజీ కింది మూలనా పసుపు మరక ఉంది. చదివినావిడ వంటింట్లోంచి లేచి వచ్చి, చెయ్యి సరిగ్గా తుడుచుకోకుండా పేజీ తిప్పేదన్న మాట. మరక ఒకే బొటనవేలిది. ఆ వేలికి అడ్డంగా తెగిన గాటు ఉంది, అది కూడా ప్రతి పేజీలో పడింది.

మునిస్వామి కంప్యూటర్‌లో ఆ మరకలు తీసేస్తానన్నాడు. పెద్దసారు కూడా తీసెయ్యమనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. పుస్తకం ఇంకొకచోట దొరకవచ్చు, ఈ బొటనవేలు దొరకదు. స్కాన్ చేస్తూ పోతుంటే పుస్తకం నడుమ ఒక పేజీలో వేలిముద్ర సగమే పడింది. ఆ తర్వాతి పేజీలన్నీ శుభ్రంగా, కొత్తవాటిలా ఉన్నాయి. ఆ పేజీలో జ్వరానికి కషాయం కాచే పద్ధతి ఉంది. ఆవిడ కషాయం కాయడానికి లేచిందో, కషాయం తాగాల్సింది ఆవిడేనో నాకు తెలియదు. మునిస్వామి ఆ పేజీ నుంచి మౌస్ తీసేసి, "అట్లనే ఉండనీలేమ్మా" అన్నాడు.

ఆ రోజు అతనికి అర్థమైందనే అనుకున్నాను. కుక్క తోక వంకర అని ఊరికే అనలేదు.

అటక మీది పెట్టెలు

బాగేపల్లిలో ఒక పాత ఫోటో స్టూడియో ఉండేది. ముసలాయన పోయాక మనవడు దాన్ని మొబైల్ రీచార్జి అంగడి చేశాడు. తాత తీసిన గాజు నెగెటివులు చెక్కపెట్టెల్లో అటక మీద ఉన్నాయని, ఎవరైనా తీసుకుపోతే చాలని కబురు పెట్టాడు. జీపులో పోయాం. మనవడు పెట్టెలు దించనైతే దించాడు గానీ వాటి మీద చేతులు ఆనించకుండా గోనెసంచి అడ్డం పెట్టుకుని పట్టుకున్నాడు.

"ఎందుకప్పా అట్లా పట్టుకుంటావు?" అన్నాను.

"ఏం లేదమ్మా. ఇంట్లో ఆడోళ్ళు భయపడ్తాండారు. అటక మీద ఎవరో కుర్చీ జరిపినట్ల శబ్దమయితాదంట. ఎలకలే. నాకు తెల్సు ఎలకలే అని." ఎలకలే అని రెండుసార్లు చెప్పినవాడి మాట నేను నమ్మను.

వచ్చేటప్పుడు పేరేసంద్రలో టీకి ఆగాం. జీపు డ్రైవరు మామూలుగా బండిలోనే కూర్చుని తాగేవాడు. ఆ రోజు దిగి, రోడ్డు అవతలికి పోయి తాగాడు.

గాజు పలక అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక మాట. ఫిల్ము రాకముందు ఫోటోను మందు పూసిన గాజు మీద తీసేవారు. పలక మీద అంతా తలకిందులు, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుంది. కింద నుంచి వెలుతురు పంపి స్కాన్ చేసి, కంప్యూటర్‌లో తిరగేస్తే మనిషి కనిపిస్తాడు. ఎండుగడ్డి రంగు జుట్టుతో, నల్లటి పళ్ళతో ఉన్న భూతం ఒక్క నొక్కుతో పెళ్ళికూతురవుతుంది. ఈ నొక్కు నేను వేలసార్లు నొక్కి ఉంటాను, ఒక్కసారీ అలవాటు కాలేదు.

ఆ పెట్టెల్లో పెళ్ళిళ్ళు ఉన్నాయి, బడిపిల్లలు ఉన్నారు. ఇంకొక రకం కూడా ఉన్నాయి. మధ్యలో కుర్చీలో మెడలో దండతో ఒక మనిషి, చుట్టూ ఇంటిల్లిపాదీ. కుర్చీలో మనిషి కళ్ళు విప్పి నేరుగా మనకేసే చూస్తుంటారు. ఏ ఫోటోలో చూసినా అంతే. సన్మానాలేమో అనుకున్నాం. మా ప్రాంతంలో ఇన్ని సన్మానాలు ఎవరికి జరిగాయో అని నవ్వుకున్నాం కూడా.

శుక్రవారం

ఒక గురువారం దండ వేసుకున్న పెద్దాయన పలక స్కాన్ చేశాం. గుబురు మీసాలు, సూటి చూపు. అంచు కొద్దిగా తెగిందని శనివారం మళ్ళీ స్కాన్ చేశాను. నొక్కు నొక్కాను. అదే కుర్చీ, అదే దండ, అవే మీసాలు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

నేను గట్టి మనిషిని. అయినా అబద్ధం చెప్పను, ఆ క్షణంలో కుర్చీ వెనక్కి లాక్కున్నాను. గురువారంనాటి ఫైలు తెరిచి పక్కన పెట్టాను. ఒకటి చూస్తోంది, ఒకటి చూడటం లేదు. మునిస్వామిని పిలిచాను. అతను నా భుజం మీదుగా చూసి, బల్ల పట్టుకుని నిలబడిపోయాడు.

"నిన్న శుక్రవారం కదమ్మా," అన్నాడు.

"అయితే?"

"ఇంట్లో దేవుని పటాలు తుడుస్తామే, అట్ల వీటిని కూడా తుడిచినాను. దూదితో, స్పిరిట్టు పెట్టి. ఈ ఒక్కటే తుడిచినాను. మసి మాదిరి ఏందో వచ్చింది."

ఆ మసి పెన్సిలు. భూతద్దం పెట్టి తక్కిన పలకలు చూశాం. దండ వేసుకున్న ప్రతి మనిషి కళ్ళ దగ్గరా వెంట్రుకకన్నా సన్నటి పెన్సిలు గీతలు వేలకు వేలు. నెగెటివు మీద పెన్సిలుతో నల్లగా దిద్దితే ఫోటోలో తెల్లగా వస్తుంది. స్టూడియో ఆయన కంటిలోని తెలుపు మాత్రమే దిద్దాడు. నల్లగుడ్డు దిద్దలేదు. అక్కడ గుండ్రంగా ఖాళీ వదిలేశాడు. అంటే మనకేసి చూస్తున్న ఆ నల్లగుడ్డు, మూసుకున్న రెప్ప మీది చర్మమే.

వాళ్ళంతా చనిపోయాక తీసిన ఫోటోలవి. పోయినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి ఆఖరి పటం తీయించుకోవడం ఆ రోజుల్లో చాలాచోట్ల ఉన్నదే. కళ్ళు తెరిపించడం మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంకొక సంగతి తర్వాత బయటపడింది, అదీ మునిస్వామే చూశాడు. ప్రతి ఫోటోలోనూ కుర్చీలో మనిషి కళ్ళు, పక్కన నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరి కళ్ళు అచ్చంగా ఒకటే. కొడుకువో, తమ్ముడివో, కూతురివో. పోలిక కాదు, రూపానికి రూపం అవే. అది కనిపెట్టిన రోజు నుంచి మునిస్వామి దూది డబ్బాను నా బీరువాలో పెట్టించి తాళం వేయించాడు.

ఈ పనిలో నేను నేర్చుకున్న ఒకే ఒక్క సూత్రం ఇది. ముందు స్కాన్ చెయ్యండి, ఆ తర్వాతే తుడవడం గురించి ఆలోచించండి. మీరు మురికి అనుకున్నది ఎవరో ఊపిరి బిగబట్టి చేసిన పని అయి ఉండవచ్చు. మునిస్వామి తుడిచిన పలకలో పెద్దాయన కళ్ళే కాదు, దగ్గరికి తెచ్చి చూస్తే రెప్పలు కూడా అక్కడక్కడా గీరుకుపోయాయి. ఆయనకు ఇప్పుడు కళ్ళూ లేవు, సరైన నిద్రా లేదు.

పోస్టరు

మా వెబ్‌సైటు ప్రారంభానికి పోస్టరు కావాల్సి వచ్చింది. పెద్దసారు అన్ని ఫోటోలూ చూసి ఒకటి ఎంచుకున్నారు. కుర్చీలో చిన్న వయసు ఆడమనిషి, మెడలో దండ. మోకాలికి ఆనుకుని మూడు నాలుగేళ్ళ ఆడపిల్ల. ఇద్దరివీ పెద్ద పెద్ద కళ్ళు, ఎడమ కన్ను కొసన కొంచెం కిందికి వాలి ఉంటుంది, ఇద్దరికీ.

"సార్, కుర్చీలో ఆమె బతికి లేదు," అని చెప్పాను.

"ఎవరమ్మా ఇప్పటిదాకా బతికుండేది?" అన్నారు సారు. "ఆ కళ్ళు చూడండి, ఎంత జీవం ఉందో!"

పెద్ద సైజులో అచ్చయింది. ఒకటి మా ముందుగదిలో, ఒకటి సారు గదిలో ఆయన కుర్చీకి ఎదురుగా. పేపరువాళ్ళు కూడా వేశారు. ఆ నెలంతా గదిలో ఎటు కూర్చున్నా ఆ తల్లీకూతుళ్ళు చూస్తూనే ఉన్నారు. మునిస్వామి తన బల్లను గోడవైపు తిప్పుకున్నాడు. వీపు మీద ఎండ తగిలినట్టు ఉంటుందని చెప్పేవాడు.

"పటం తిప్పి పెట్టండి"

ఎండాకాలం మధ్యాహ్నం. కరెంటు లేదు. తలుపు సగం తెరుచుకుని ఒక ముసలమ్మ తల లోపల పెట్టింది. నమస్కారం లేదు, పేరు లేదు.

"అమ్మా, ఈడ గోడకి పటం ఉంటే తిప్పి పెట్టండి. మా బిడ్డ లోపలికి రావల్ల."

లేచి పోస్టరు మేకు నుంచి తీసి, గోడవైపు తిప్పి ఆనించాను. ముసలమ్మ చూసి, సరేనన్నట్టు తల ఆడించి, బయట చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకుని ఇంకొకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, తలమీద కొంగు, చేతిలో మడత విప్పని దినపత్రిక. వెలుతురు వెనక ఉండటంతో మొదట ముఖం కనబడలేదు. తలుపు మూసుకున్నాక తల ఎత్తింది.

మునిస్వామి ఒక్కసారిగా లేచాడు, కుర్చీ వెనక్కి పడింది. ఆ కళ్ళే. ఎడమ కన్ను కొసన అదే వాలు. నెల రోజులుగా గోడ మీద మమ్మల్ని చూస్తున్నవి ఇప్పుడు రెప్ప ఆర్పుతున్నాయి.

ఆమె పేరు గంగరత్నమ్మ. గూళూరు దగ్గర పల్లె. పోస్టరులోని పిల్ల ఆమె. కుర్చీలో ఉన్నది ఆమె తల్లి. ముసలమ్మ వెంకటలక్ష్మమ్మ, తల్లికి చెల్లెలు, గంగరత్నమ్మను పెంచిన చిన్నమ్మ.

"పేపర్లో మా అమ్మ పటం పడిందని ఊర్లో చెప్పినారు," అంది గంగరత్నమ్మ. "నేను చూళ్ళేదు. మడత గూడా విప్పలే. చిన్నమ్మ చూడనీలేదు."

"ఎందుకు చూడనీలేదమ్మా?" అన్నాను చిన్నమ్మతో.

"యట్ల చూడనిస్తారు? కండ్లు ఈ బిడ్డవి కదా," అంది వెంకటలక్ష్మమ్మ. "మా అక్క జొరమొచ్చి పోయింది. బాగేపల్లి నుంచి పటం తీసే ఆయప్ప వచ్చినాడు. పోయినోళ్ళకి కండ్లు కావల్లంటే అదే రగతంలో బతికుండే వాళ్ళ దగ్గర అడుక్కోవల్ల, అది ఆయప్ప పద్ధతి. ఈ బిడ్డని కిటికీ కాడ కూచోబెట్టి, దాని కండ్లు చూసుకుంటా దిద్దినాడు. పొయ్యేటపుడు చెప్పినాడు, కండ్లిచ్చినోళ్ళు ఆ పటం చూడగూడదు, చూపూ చూపూ కలిసిందంటే ఇచ్చినవి వాపసు రావు, ఆయమ్మకే ఉండిపోతాయి అని. మా అమ్మ ఆ పటం ఎత్తి అటక మీద పెట్టింది. చెదలు తినేసినాయి."

"అంటే మీరు మీ అమ్మ ముఖం..."

"ఎపుడూ చూళ్ళేదు," అంది గంగరత్నమ్మ. "నాకు గ్యాపకం లేదు. ఊర్లో అందరూ చూసినారు, నేనొక్కతే చూళ్ళేదు."

ఆమె చూపు పోతోంది. బెంగుళూరులో పెద్ద డాక్టరు కంటినరం ఎండిపోతోందని చెప్పాడట. పోయినంత వరకు పోయినట్టే, మిగిలినది ఎన్నాళ్ళో చెప్పలేం అన్నాడట. ఇప్పటికే గొట్టంలోంచి చూసినట్టు నడుమ మాత్రం కొంచెం కనిపిస్తుంది.

"చూడకుండానే పోతాండాయి కదమ్మా," అంది నాతో. "ఇంక చూస్తే పొయ్యేదేముండాది? కానీ నాకు ఆ కండ్లొద్దు. నా కండ్లు నేను అద్దంలో చూసుకున్నాను. వాటిని తీసేసి మా అమ్మని చూపించు."

మునిస్వామి నా బీరువా వైపు చూశాడు. దూది డబ్బా అందులో ఉంది. ఒక్క తుడుపు చాలు. నేను తల అడ్డంగా ఊపాను. పెద్దాయనకు ఏం జరిగిందో చూశాం. ఈ తల్లి రెప్పలు కూడా గీరుకుపోతే ఆమెకు చూపించడానికి ఈ లోకంలో ఇంకేమీ మిగలదు. వేరే దారి ఉంది, ఎక్కువ వెలుతురు పంపి, మెల్లగా, లోతుగా స్కాన్ చేస్తే పెన్సిలు కిందిది కనబడవచ్చు. ఎప్పుడూ చేసి చూడలేదు.

"వారం ఆగి రాగలరా?" అన్నాను.

"వారానికి ఎంత మిగుల్తాదో," అంది ఆమె. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే పలకను ఆ రోజే బయటికి తీశాను.

రెప్పల దాకా

కరెంటు వచ్చేదాకా కూర్చున్నాం. రాగానే పలకను స్కానర్ మీద పెట్టాం. వెలుతురు గీత చీమలా పాకడం మొదలుపెట్టింది. వెంకటలక్ష్మమ్మ గోడవైపు తిరిగి కూర్చుని, లోపల్లోపల ఏదో గొణుక్కుంటోంది. గంగరత్నమ్మ యంత్రం శబ్దం వింటోంది.

"ఆయమ్మకి వెలుగు తగుల్తాందా?" అని అడిగింది.

"తగులుతోంది," అన్నాను.

బొమ్మ వచ్చింది. ముందు నేనూ మునిస్వామీ చూశాం. కళ్ళలో తెలుపు పొగలా చెదిరిపోయి, దాని కింద వంకీ తిరిగిన రెండు సన్నటి గీతలు తేలాయి. రెప్పలు. మునిస్వామి కళ్ళు తుడుచుకుంటూ బయటికి పోయాడు.

గంగరత్నమ్మకు మొత్తం ముఖం ఒక్కసారిగా కనబడదు. అందుకని ఆమె చూపుకు పట్టేంత ముక్కను తెర నడుమకు తెచ్చి, పైనుంచి ఒక్కొక్కటే చూపించాను. పాపిట. నుదుటి మీద పెద్ద బొట్టు. చెవి. ఆమె ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగి చూసింది. ప్రతిదీ చూసి తన ముఖం మీద అదే చోట తడుముకుంది. ముక్కు దగ్గరికి వచ్చాం.

"ముక్కుపుడక ఉండాది చిన్నమ్మా," అంది.

గోడవైపు నుంచి గొణుగుడు ఆగింది. "యా పక్క?"

"కుడిపక్క."

"అది నాది," అంది వెంకటలక్ష్మమ్మ. "ఆయమ్మది అమ్ముకోనుండాము. బోసి ముక్కుతో పటం తీస్తే బాగుండదని నాది తీసి నేనే పెట్టినాను." ఆమె ఇటు తిరిగింది. లేచి వచ్చి, గంగరత్నమ్మ వెనక నిలబడి, ఆమె భుజాల మీద చేతులు వేసింది.

పెదవులు చూశాం. గడ్డం చూశాం. కళ్ళను ఆఖరుకు ఉంచాను, ఎందుకో నాకే తెలియదు. పైకి జరుపుతున్నాను, చెంప వచ్చింది, చెంప పైభాగం వచ్చింది. కరెంటు పోయింది. ఆ రోజు యూపీఎస్ కూడా కీచుమని ఒక్కసారి అరిచి ఆగిపోయింది.

తెర నల్లబడింది, తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చే పగటి వెలుతురు మాత్రం మిగిలింది. నల్లటి గాజులో, సరిగ్గా బొమ్మ ఉన్నచోట, రెండు పెద్ద కళ్ళు విప్పారి ఆమెనే చూస్తున్నాయి. ఎడమ కన్ను కొసన వాలు ఉంది. వెంకటలక్ష్మమ్మ కెవ్వుమని అరిచి ఆమె ముఖాన్ని చేతులతో కప్పబోయింది. గంగరత్నమ్మ ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. చూపు తిప్పలేదు. తెరలోని కళ్ళూ తిప్పలేదు.

"భయపడొద్దు చిన్నమ్మా," అంది. "అవి నావే."

ఎంతసేపు అట్లా చూసుకున్నాయో నేను చెప్పలేను. తెరలో ఉన్నది ఆమె నీడ మాత్రమేనని నాకు తెలుసు. బడిపిల్లలకు తెలిసినంత సైన్సు నాకూ తెలుసు. అయినా ముందు రెప్ప ఆర్పింది ఇటువైపు మనిషో, అటువైపు మనిషో ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను.

కరెంటు వచ్చింది. కంప్యూటర్ మళ్ళీ లేచి, బొమ్మ మళ్ళీ తెరుచుకుంది. ఈసారి నేరుగా కళ్ళ దగ్గరికే పోయాను. మూసిన రెప్పలు, రెప్పల చివర వెంట్రుకలు. గంగరత్నమ్మ చూసింది. ఏడవలేదు. అద్దం మీద దుమ్ము తుడిచినంత మెల్లగా తెర మీద వేలు పెట్టింది.

"ఇన్నాళ్ళూ నా కండ్లతో మేలుకోనుండాది," అంది. "ఇంక పండుకోనీ."

పెద్దసారు

వాళ్ళను ముందుగదిలో కూర్చోబెట్టి, పోస్టరు తీసెయ్యాలని, వెబ్‌సైటులో కళ్ళు మూసిన బొమ్మే ఉంచాలని నేను సారును అడిగాను. కుదరదన్నారు. అంతా అచ్చయిపోయింది, పేపర్లో వచ్చేసింది, ఇది ప్రజల ఆస్తి, ఒక కుటుంబం మాట విని మార్చుకుంటూ పోతే మిగిలేదేమిటి అన్నారు. ఆయన మాట తప్పని ఇప్పటికీ అనను. ఎవరో ఏదో అన్నారని తీసేస్తూ పోతే మన పని అబద్ధాల పుట్ట అవుతుంది. కానీ చూపించడం అనేది కూడా ఒక పనే, అది చేతనవ్వాలి.

నేను వాదించలేదు. బయటికి వచ్చి, గంగరత్నమ్మను చెయ్యి పట్టుకుని ఆయన గదిలోకి తీసుకుపోయాను. ముందుగా పోస్టరు మీద మా కిటికీ నల్లగుడ్డ ఒకటి కప్పాను. సారు కాగితాల మీంచి తలెత్తారు. నెల రోజులుగా ఎదురుగోడ మీద చూస్తున్న కళ్ళు బల్ల అవతల నిలబడి ఉన్నాయి. ఆయన చేతిలో పెన్ను జారి దొర్లుకుంటూ కింద పడింది. దాన్ని ఎవరూ తీయలేదు.

ఆ సాయంత్రం రెండు పోస్టర్లనూ సారే తన చేతులతో చుట్టచుట్టి బీరువాలో పెట్టారు. ఆ తర్వాత ఆయన మమ్మల్ని ఏ పేజీనీ తెల్లగా చెయ్యమనలేదు. ఒక అధికారి మారడం నా సర్వీసులో నేను చూసింది ఆ ఒక్కసారే.

కళ్ళు మూసిన బొమ్మను పెట్టడానికి గంగరత్నమ్మ ఒప్పుకుంది. "పండుకోనుండే మనిషిని చూస్తే ఎవురికేం? చూడనీ," అంది. పెన్సిలు కళ్ళ స్కాను కూడా మా దగ్గర భద్రంగా ఉంది, అడిగినవాళ్ళకు ఇస్తాం. అది కూడా ఒక మనిషి చేతి పనే. పలకను ఎవరూ తుడవలేదు.

గూళూరు నుంచి ఫోను

రిటైరయ్యాక ఒకసారి బస్సెక్కి గూళూరు పోయాను. వెంకటలక్ష్మమ్మ అప్పటికి లేదు. గంగరత్నమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. చూపు పూర్తిగా పోయింది. కళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి, పెద్దవిగా, తేటగా, రెప్ప ఆర్పకుండా. నా అడుగుల చప్పుడుకు తలెత్తి నేరుగా నాకేసి చూసింది. ఆ చూపు నేను ఎరిగినదే, పోస్టరులోది. నిజం చెబుతున్నాను, వాకిట్లో ఎండలో నిలబడి కూడా నేను తల పక్కకు తిప్పుకున్నాను.

"చిన్నమ్మ చెప్పిందే నిజమాయె కదమ్మా," అంది నవ్వుతూ. "చూపూ చూపూ కలిసింది, ఇచ్చినవి ఆయమ్మకే ఉండిపోయినాయి. పోనీలే. బిడ్డ చేతిలో ఉండేది తల్లి తీసుకుంటే దొంగతనమా?"

డాక్టరు చెప్పిన కంటినరం సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. చూపించింది నేనే. అడిగింది ఆమె. మళ్ళీ అడిగితే మళ్ళీ చూపిస్తాను, అందులో నాకు అనుమానం లేదు.

వచ్చేటప్పుడు నా నంబరు తీసుకుంది. ఇప్పటికీ ఏ పదిహేను రోజులకో, నెలకో ఫోను చేస్తుంది. క్షేమం అడుగుతుంది, వానల సంగతి చెబుతుంది. పెట్టేసే ముందు ఒకటే మాట.

"అమ్మా, ఆ పటం తీసి చూడు. మా అమ్మ పండుకోనుండాదా?"

నేను కంప్యూటర్ ముందు కూర్చుంటాను. మా ఇంట్లో ఇంటర్నెట్ నిదానం. బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగుతుంది. పాపిట వస్తుంది. నుదుటి మీద బొట్టు వస్తుంది. కనుబొమలు వస్తాయి. అంతవరకే చూసి ఆ పేజీ మూసేస్తాను.

"పండుకోనుండాదమ్మా," అని చెబుతాను.